పొగబండికి ఫోటో

రైలెక్కడానికి స్టేషనుకు వెళ్ళేవాళ్ళు వేరు. ఎవరినో ఎక్కించి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు వేరు. ఈ రెండూ కాకుండా, టికెట్టు కొనకుండా, ఎవరినీ సాగనంపకుండా, స్టేషనుకు మైలు దూరంలో రైలుకట్ట పక్కన తుమ్మచెట్టు నీడన రెండు గంటలసేపు నిలబడి, వచ్చిన బండికి ఫోటో తీసుకుని, అది కనుమరుగయ్యాక కడుపు నిండినట్టుగా ఇంటికొచ్చే వాళ్ళు కూడా లోకంలో వున్నారు. మనలో తక్కువ. ఇంగ్లండులో చాలామంది. వాళ్ళు కాచుకునేది మామూలు బండికోసం కూడా కాదు. ముసలి ఆవిరి ఇంజను ముందు కట్టుకుని, సరదాకోసం మాత్రమే నడిచే విహారయాత్ర స్పెషలు కోసం!

విడ్డూరమే మరి. ఆ ఇంజన్లు రోజూ నడిచిన కాలంలో ప్రయాణం చేసిన మా పెద్దమ్మ ముందు ఈ మాటంటే, "కంట్ల బొగ్గు నలుసు పడితే తెలుస్తుండె ఆ ముచ్చట" అనేది. కిటికీ పక్కన కూచోవాలని పిల్లలు కొట్టుకునేవాళ్ళు; కూచున్నవాడు పది నిమిషాల్లో కన్ను నలుపుకుంటూ తల్లి ఒళ్ళోకి వచ్చిపడేవాడు. తెల్లచీర కట్టుకుని రైలెక్కిన ఇల్లాలు దిగేటప్పటికి అది బూడిదరంగు చీర అయ్యేది. పెళ్ళివారు దిగగానే మగపెళ్ళివారింటి ముందు కాళ్ళకే కాదు, మొహాలకు కూడా నీళ్ళిచ్చే ఆచారం పొగబండి పుణ్యమేనేమోనని నాకు అనుమానం. అంతగా తిట్టుకున్న బండి ఇవాళ పోటీపడి చూసే వేడుక ఎట్లా అయిందన్నదే ఇక్కడ చెప్పబోయే సంగతి.

నిజామాబాదు జిల్లాలో రుద్రూర్ అని ఒక వూరు. ఒకప్పటి బాన్సువాడ తాలూకాలోది. చెరకు, వరి పరిశోధనా కేంద్రం వుండటంవల్ల వ్యవసాయం తెలిసినవాళ్ళకు పేరు తెలుసు. ఆ వూళ్ళో రైలు లేదు. అటు బాన్సువాడలోనూ లేదు. బోధన్ నుంచి బాన్సువాడ మీదుగా బీదరుకు లైను వేస్తారన్న మాట మాత్రం చాలా ఏళ్ళుగా వినిపిస్తోంది. కాబట్టి రుద్రూర్ పిల్లలు రైలు చూడాలంటే బోధన్‌కు పోవాలి. రైలు లేని వూరివాళ్ళకే రైలంటే మోజెక్కువ. పట్టాల పక్క ఇల్లున్నవాళ్ళు బండి కూతకు తలెత్తి కూడా చూడరు.

ఆ బోధన్‌కు రైలు వచ్చిన కథ చెరకుతో ముడిపడి వుంది. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగరు కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువల్లో నీళ్ళు పారగానే అప్పటిదాకా జొన్న పండిన నేలలు చెరకు తోటలయ్యాయి. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. అంత చక్కెరను ఎడ్లబండ్ల మీద ఎక్కడికని తోలతారు? అంచేత ఆ దశకం చివర్లోనే జానకంపేట దగ్గర పెద్దలైను నుంచి ఒక కొమ్మ చీల్చి బోధన్ దాకా పట్టాలు పరిచారు.

పెద్దలైను అంతకంటే పాతది. సికిందరాబాదు నుంచి వాడి దాకా నిజాం రైలు 1874లోనే నడిచింది. అది బ్రాడుగేజి. ఉత్తరంగా కామారెడ్డి, ఇందూరు, బాసర, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు దాకా పోయే గోదావరీ లోయ రైలు 1900 ప్రాంతంలో వచ్చింది. సుమారు 390 మైళ్ళు. ఇది మీటరుగేజి, అంటే పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. మనవాళ్ళు దీన్ని చిన్నబండి అనేవారు. ఇందూరే తరవాత నిజామాబాదు.

ఈ పెద్దబండి, చిన్నబండి తేడా ఆడవాళ్ళకు తెలిసినంత బాగా ఇంజనీర్లకు కూడా తెలియదు. నిజాంసాగరు నీళ్ళు వచ్చాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు పొలాలు కొనుక్కుని ఇటు తరలివచ్చాయి. రుద్రూర్, వర్ని, బోధన్ చుట్టుపక్కల 'క్యాంపు' అన్న పేరుతో వున్న పల్లెలు చాలావరకు అట్లా పుట్టినవే. బెజవాడలో పెద్దబండి ఎక్కిన కుటుంబం సికిందరాబాదులో దిగాలి, చిన్నబండి వేరే. చంకలో పిల్ల, చేతిలో ఆవకాయ జాడీ, మరో చేత్తో అత్తగారిని పట్టుకుని ఒక ప్లాటుఫారం నుంచి ఇంకో ప్లాటుఫారానికి సామాను మార్చడమంటే చిన్న సంసారాన్ని విప్పి మళ్ళీ కట్టడమే. ఆ తరంవాళ్ళు ఇంజను పేరు చెప్పలేకపోవచ్చుగానీ, జాడీ ఎక్కడ పగిలిందో మాత్రం అరవై ఏళ్ళ తరవాత కూడా చెప్పేవారు.

ఇంజను తినేది సింగరేణి బొగ్గు. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గున్నదని 1871లో డాక్టర్ కింగ్ కనుక్కోవడం, తరవాత అక్కడిదాకా రైలు పడటం అన్నీ ఒకదానికొకటి కలిసొచ్చాయి. తాగేది చెరువు నీళ్ళో, బావి నీళ్ళో. కొన్ని స్టేషన్లలో ఏనుగు తొండంలాంటి ఇనప గొట్టం ఇంజను మీదికి వంగి నీళ్ళు పోసేది. ఆ పది నిమిషాలే ప్రయాణికులకు టీ, పిల్లలకు ఇంజను దర్శనం. ఫైర్‌మన్ తలగుడ్డ తీసి చెమట తుడుచుకుంటుంటే, ఇంజను కూడా పక్కలు ఎగరేస్తూ ఆయాసపడుతున్నట్టే వుండేది. ఆవిరి ఇంజను మీద జనానికి ఇంత మమకారం ఎందుకంటే కారణం అదేనని నా ఉద్దేశం. దాని లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది. నిప్పు, నీరు, ఊపిరి, చెమట. చక్రాల పక్కన ఇనప చేతులు ముందుకూ వెనక్కూ ఆడుతుంటే పిండి రుబ్బుతున్న మనిషిని చూసినట్టే. డీజిలు ఇంజనుకు శక్తి ఎక్కువే కావచ్చు, కానీ అది బీరువా. తలుపు తీస్తేగాని లోపల ఏముందో తెలియదు.

విహారయాత్రలకు రైలును వాడటం మనకూ కొత్త కాదు. ప్రపంచంలో ఈ పనికి పేరు మోసినవాడు థామస్ కుక్. 1841 జులై 5న ఇంగ్లండులో లెస్టరు నుంచి లవ్‌బరోకు అయిదువందలమందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున తీసుకెళ్ళాడు. అదీ దేనికి? మద్యపాన వ్యతిరేక సభకు! భర్తల తాగుడు మాన్పించే ప్రయత్నంలోంచి యాత్రా వ్యాపారం పుట్టిందన్నమాట. మన నిజాం రైల్వే 1930లో ప్రభుత్వం చేతికి వచ్చాక అజంతా, ఎల్లోరాలకు జనాన్ని రప్పించడం మొదలుపెట్టింది. రంగురంగుల పోస్టర్లు వేయించింది. ఔరంగాబాదులో హోటలు నడిపింది. 1932లో 27 బస్సులతో రోడ్డు సర్వీసులు కూడా మొదలెట్టింది. మన ఆర్టీసీలకు అదే మూలం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అజంతా పేరు ఈ లైనును వదల్లేదు. 1960లలో కాచిగూడ నుంచి మన్మాడుకు నడిచిన అజంతా ఎక్స్‌ప్రెస్సు దేశంలోని మీటరుగేజి బళ్ళన్నింట్లోకీ వేగమైనదిగా పేరు తెచ్చుకుంది. ఎంత వేగం అనుకున్నారు? సగటున గంటకు 42.5 కిలోమీటర్లు. ఇవాళ మన అబ్బాయిలు స్కూటరు మీద అంతకంటే వేగంగా పోతుంటే మనం ఇంట్లో కూచుని దేవుళ్ళకు మొక్కుకుంటున్నాం.

దొరలు అజంతాకు పోతే మనవాళ్ళు బాసరకు పోయారు. పిల్లవాడికి అక్షరాభ్యాసమైనా, గోదావరి స్నానమైనా ఆ చిన్నబండే దిక్కు. గోదావరి వంతెన మీద బండి నెమ్మదించగానే పెట్టెలన్నీ ఒక్కసారి కదిలేవి. పైసలు విసిరే చేతులు, దణ్ణాలు పెట్టే చేతులు, పిల్లల్ని కిటికీలోంచి లోపలికి లాగే చేతులు! ఆ దృశ్యాన్ని కింద ఇసుకలో నిలబడి ఎవరైనా ఫోటో తీసివుంటే ఎంత బాగుండేది! ముందు పొగ, వెనక వరసగా చేతులు.

తీసినవాళ్ళు లేరా అంటే, ఫోటో తీయడం మన హైదరాబాదుకు కొత్త విద్య కాదు. లాలా దీనదయాళు రూర్కీలో ఇంజనీరింగు చదివినవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోగ్రాఫరై 'రాజా' బిరుదు పొందాడు. సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాదులో ఆయన చేసిన పని మాత్రం మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఘోషాలో వుండే ఆడవాళ్ళకోసం జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తయిన గోడలు, లోపల ఆడవాళ్ళే. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే దొరసాని. అంటే, హైదరాబాదు ఆడవాళ్ళు పరాయి మగవాడి కంట పడకుండా ఫోటో దిగగలిగిన కాలానికి, ఇందూరుకు ఇంకా రైలే రాలేదు.

వచ్చిన రైల్లోనూ జనానా పెట్టె వుండేది. కిటికీలకు పరదాలు. బయటినుంచి చూస్తే ఎవరూ కనిపించరు. గొప్పింటి ఆడవాళ్ళను మేనాలో తెచ్చి, పెట్టె గుమ్మానికి ఆనించి, చుట్టూ దుప్పట్లు పట్టుకుని ఎక్కించేవారు. కాబట్టి ఆ కాలపు రైలు ఫోటోలు ఏవి చూసినా ఒక వింత కనిపిస్తుంది. ఇంజను, దాని పక్కన మీసాల డ్రైవరు, టోపీ పెట్టుకున్న దొర, జెండా పట్టుకున్న గార్డు. ఆడమనిషి జాడ లేదు. ప్రయాణం చేయలేదనా? చేశారు. పరదా వెనక వున్నారు. వాళ్ళు బండిని చూశారుగాని, బండి ఫోటో చూసినవాళ్ళకు వాళ్ళు కనిపించలేదు.

తరవాతి కాలంలో కూడా మన ఇళ్ళల్లో రైలు ఫోటోలు తక్కువ కావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి డబ్బు. 1960ల నుంచి మధ్యతరగతి ఇళ్ళల్లో కెమెరా అంటే బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ డబ్బా కెమెరాయే. ఒక ఫిల్ము చుట్టలో పన్నెండు ఫోటోలు. పన్నెండులో పుట్టినరోజుకు నాలుగు, బారసాలకు నాలుగు, తిరపతి గుండుకు రెండు పోగా మిగిలిన రెంటిని ఇంజను మీద తగలేస్తానంటే ఏ ఇల్లాలు వూరుకుంటుంది? రెండోది భయం. రైల్వే వంతెనలకూ, స్టేషన్లకూ ఫోటో తీయాలంటే అనుమతి కావాలి. చైనా, పాకిస్తాన్ యుద్ధాల తరవాత ఎక్కడ కెమెరా కనబడినా గూఢచారేమోనని చూసే రోజులు.

డబ్బా కెమెరాతో ఇంకో చిక్కు కూడా వుంది. దాని తలుపు తెరుచుకుని మూసుకునేందుకు సెకనులో యాభయ్యోవంతు దాకా పట్టేది. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ కాస్త వ్యవధిలోనే జానెడు ముందుకు జరుగుతుంది. పక్కనుంచి తీస్తే ఇంజను అలికిన గోడలా వస్తుంది. తెలిసినవాళ్ళు ఏం చేసేవారంటే, బండి మలుపు తిరుగుతూ తమవైపు వస్తుండగా, దూరంగా వున్నప్పుడే, ఎదురుగా కాస్త ఓరగా నిలబడి తీసేవారు. అప్పుడు జరిగిన జానెడు అంతగా కనిపించదు. ఎండ తమ వీపు వెనక వుండాలి. పొద్దున్నో సాయంత్రమో అయితే ఏటవాలు వెలుగు చక్రాల సందుల్లోకి పోతుంది; మిట్టమధ్యాహ్నం తీస్తే ఇంజను కింద అంతా చీకటే. పొగ తెల్లగా మబ్బులా రావాలంటే చలికాలం పొద్దు కావాలి, ఆవిరి చల్లగాలికి గడ్డకట్టినట్టు నిలబడుతుంది. నల్లగా రావాలంటే ఫైర్‌మన్ అప్పుడే పొయ్యిలో బొగ్గు వేసి వుండాలి. నల్లపొగ అంటే సరిగా కాలని బొగ్గు. కట్టెలపొయ్యి ఊదినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ కష్టం తెలిసిన మహానుభావుడు సత్యజిత్ రాయ్. 'పథేర్ పాంచాలి' 1955లో విడుదలైంది. అందులో అన్నాచెల్లెళ్ళు కాదు, అక్కాతమ్ముళ్ళు, దుర్గా, అపూ, రెల్లుపూల పొలంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి మొదటిసారి రైలు చూస్తారు. సినిమా మొత్తంలో దాన్నే జనం ఎక్కువ చెప్పుకుంటారు. మొదటి రోజు కొంత తీసి, వారం తరవాత మిగతాది తీద్దామని వెళితే రెల్లుపూలు లేవు. పశువులు మేసేశాయి! మళ్ళీ పూలు పూసేదాకా, అంటే మరుసటి ఏడు దాకా ఆగారు. రైలుకోసం కూడా ఒకటి సరిపోలేదు. ఒకే రోజు వచ్చిపోయే మూడు బళ్ళను ఒకదాని తరవాత ఒకటి తీసి కలిపారు. తమ మనిషిని ముందు స్టేషనులో ఇంజనెక్కించి, సరిగ్గా కెమెరా దగ్గరికి వచ్చేసరికి బొగ్గు వేయించి నల్లపొగ రప్పించారు. తెర మీద మనం చూసేది ఒక్క రైలే. తెల్లటి పూల మీదుగా నల్లటి పొగ. కట్ట పక్కన నిలబడి తీసిన పొగబండి బొమ్మల్లో దాన్ని మించినది నేను చూడలేదు. తీసింది రైలుపిచ్చి వున్నవాడు కాదు, పిల్లల కళ్ళతో రైలును చూసినవాడు.

అమెరికాలో విన్‌స్టన్ లింక్ అనే ఆయన 1955 నుంచి 1960 దాకా ఒకే రైల్వే వెంట పడ్డాడు. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ అనే ఆ కంపెనీ ఆవిరి ఇంజన్లను తీసేయబోతోందని తెలిసి, ఎక్కువగా రాత్రిళ్ళు, పదుల కొద్దీ ఫ్లాషు బల్బులు ఒకేసారి వెలిగించి ఫోటోలు తీశాడు. ఆయన ఫోటోల్లో ఇంజను ఒక్కటే వుండదు. ఇంటి వరండాలో కూచున్నవాళ్ళు, ఏట్లో ఈదే పిల్లలు, కారులో సినిమా చూస్తున్న జంట, వాళ్ళందరి వెనక బండి పోతూ వుంటుంది. ఒక ఫోటోలో స్టేషను ముందు బండికి కట్టిన ముసలి గుర్రం, రైలు వస్తుంటే తల వంచుకుని నిలబడి వుంటుంది, పెద్దవాళ్ళు ఎదురైతే కోడలు తలవంచినట్టు. మన ఎడ్లయితే కాడి తెంచుకుని చెరకు తోటలో పడేవి.

ఇక ఇంగ్లండు సంగతి. అక్కడి ప్రభుత్వ రైల్వే 1968 ఆగస్టు 11న పెద్దలైన్ల మీద ఆవిరికి మంగళం పాడింది. ఆ రోజు లివర్‌పూల్ నుంచి కార్లైల్‌కు నడిపిన చివరి స్పెషలుకు టికెట్టు ఏకంగా 15 గినీలు. లోపల ఎక్కినవాళ్ళు కొన్ని వందలైతే, గట్ల మీద, గోడల మీద, వంతెనల మీద నిలబడి చూసినవాళ్ళు లెక్కలేనంతమంది. పెద్దలైన్ల మీద ఆవిరి బళ్ళను నిషేధించిన రైల్వే మూడేళ్ళు తిరగ్గానే 1971లో మళ్ళీ విహారయాత్రలకు ఒప్పుకోవలసి వచ్చింది. అప్పట్నుంచి అదొక సంప్రదాయమైపోయింది. బండి ఎన్నింటికి ఏ వంతెన దాటుతుందో కాగితం మీద రాసుకుని, ఒకచోట ఫోటో తీసి, కారులో దాన్ని దాటిపోయి ఇంకోచోట మళ్ళీ తీసేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళలో ఒక బిషప్పుగారున్నారు, ఎరిక్ ట్రీసీ. చర్చిలో అంత పెద్ద హోదాలో వుండి, వీలు దొరికితే చాలు కెమెరాతో కట్ట ఎక్కేవాడు. డ్రైవర్లు, ఫైర్‌మన్లతో స్నేహం. 1978 మే 13న ఆపిల్‌బీ స్టేషనులో, 'ఈవెనింగ్ స్టార్' అనే ఇంజను లాగుకొచ్చే స్పెషలుకోసం కాచుకుని వుండగా కుప్పకూలి అక్కడే పోయాడు. ఆ స్టేషనులో ఆయన పేరిట ఫలకం పెట్టారు.

తమ దేశంలో ఆవిరి అయిపోయాక ఆ జనమే మన దేశం మీద పడ్డారు. 1970, 80లలో ప్రపంచంలో ఆవిరి ఇంజన్లు పుష్కలంగా మిగిలిన కొద్ది దేశాల్లో మనదొకటి. చిత్తరంజన్‌లో చివరి బ్రాడుగేజి ఆవిరి ఇంజను 'అంతిమ సితార' 1970లోనూ, చివరి మీటరుగేజి ఇంజను 1972లోనూ తయారయ్యాయి. వాటి ఆయుష్షు ఇంకా చాలా వుంది. రైల్వే బోర్డు పర్మిట్లు చేతబట్టుకుని, చెమటలు కక్కుతూ, లోకో షెడ్ల చుట్టూ తిరిగే తెల్లవాళ్ళను చూసి మన పాయింట్స్‌మన్లు నవ్వుకునేవారు. వాళ్ళు ప్రతి ఇంజను నంబరూ రాసుకున్నారు. ఎక్కడ తయారైంది, ఏ షెడ్డుది, ఏ రోజు ఏ బండికి కట్టారు, అన్నీ. మైక్ సాటో అనే ఇంగ్లీషాయన సలహాతోనే ఢిల్లీ చాణక్యపురిలో 1977లో జాతీయ రైలు మ్యూజియం ఏర్పడింది. ఇది ఒప్పుకోవలసిన మాటే. మనం తూకానికి పంపబోయిన ఇనుమును వాళ్ళు చరిత్ర అన్నారు.

అయితే వాళ్ళ ఫోటోల్లోనూ లోటుంది. ఇంజను ముక్కు నుంచి బొగ్గుపెట్టె దాకా నిఖార్సుగా వుంటుంది. వెనక పెట్టెల్లో ఎవరున్నారో అక్కర్లేదు. బాసర అమ్మవారి దర్శనానికి పోయేవాళ్ళా, చెరకు కొట్టడానికి పోయే కూలీలా, పురిటికి పుట్టింటికి పోయే కూతురా, వాళ్ళకు పట్టదు. మనం మన మనుషుల్ని తీసుకుని ఇంజన్ను వదిలేశాం. వాళ్ళు ఇంజన్ను తీసుకుని మన మనుషుల్ని వదిలేశారు. బోధన్ కొమ్మలైను లాంటి చిన్నలైన్ల గతి ఏమవుతుంది? దొరలు రారు, మనవాళ్ళు తీయరు. నిజామాబాదు దగ్గర మీటరుగేజి పట్టాలు 2005 నాటికి పీకేసి బ్రాడుగేజి వేశారు. చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు వాసన, పొగ వాసన రెండూ పోయాయి. చిన్నబండి ఎట్లా వుండేదో చెప్పేందుకు ఆ కాలంవాళ్ళ జ్ఞాపకాలు మిగిలాయి, వాళ్ళూ తగ్గిపోతున్నారు.

మన దేశంలో కూడా ఆవిరి బండి సరదా బండిగా మారడం చూశాం. 1982 జనవరి 26న రాజస్థాన్‌లో మొదలైన 'పాలెస్ ఆన్ వీల్స్' మీటరుగేజిదే. మొదట్లో దాన్ని ఆవిరి ఇంజన్లు లాగేవి. బ్రాడుగేజి మీద రోజువారీ ఆవిరి బళ్ళు 1995లో ఆగిపోయాయి. రెండేళ్ళు తిరగ్గానే, 1997లో, 1855 నాటి 'ఫెయిరీ క్వీన్' ఇంజనుతో ఢిల్లీ నుంచి ఆల్వారుకు విహారయాత్ర మొదలెట్టారు. హర్యానాలోని రేవాడీ షెడ్డులో ఇప్పటికీ కొన్ని ఇంజన్లను కాపాడుతున్నారు. 'అక్బర్' అని పేరున్న ఇంజను సినిమాల్లో కూడా వేషాలు కట్టింది.

మన తెలుగువాళ్ళకు దగ్గరి వేడుక మద్రాసులో జరిగింది. ఫెయిరీ క్వీన్‌కు తోబుట్టువు లాంటి ఇంజను ఒకటి, అదీ 1855లో చేసిందే, పేరు 'ఈఐఆర్ 21'. వందేళ్ళకు పైగా ప్రదర్శన బొమ్మలా నిలబడి వుండిపోయిన దాన్ని పెరంబూరు కార్ఖానాలో విప్పి, అరిగిన భాగాలు కొత్తగా చేసి, 2010 ఆగస్టు 15న మళ్ళీ పట్టాలమీద నడిపించారు. తరవాతి ఏళ్ళలో ఎగ్మూరు నుంచి కోడంబాక్కం దాకా నడిచింది. కోడంబాక్కం అంటే మన సినిమా పుట్టిల్లు. అక్కడి స్టూడియోల్లో అట్టముక్కలతో చేసిన రైలుపెట్టెల్లో ఎంతమంది కథానాయికలు కన్నీళ్ళతో వీడ్కోళ్ళు తీసుకున్నారో! ఇప్పుడు అసలు ఇంజనే కూత వేసుకుంటూ వస్తుంటే మేడల మీద, ప్లాటుఫారాల మీద జనం సెల్‌ఫోన్లు ఎత్తి నిలబడ్డారు.

సెల్‌ఫోను అన్నాను కాబట్టి ఈ ఒక్క సంగతి చెప్పకుండా వుండలేను. కెనడాలో 1930లో చేసిన 'ఎంప్రెస్' అనే ఆవిరి ఇంజను 2024లో అమెరికా మీదుగా మెక్సికో దాకా ఉత్సవ యాత్రకు బయల్దేరింది. దారి పొడుగునా జనమే. జూన్ 3న మెక్సికోలోని ఇదాల్గో రాష్ట్రంలో ఒక యువతి పట్టాలకు బాగా దగ్గరగా మోకాళ్ళ మీద కూచుని, ఇంజను వెనక కనబడేటట్టు తన ఫోటో తీసుకోబోయింది. ఇంజను పట్టాలకంటే వెడల్పుగా బయటికి వుంటుంది. అది తలకు తగిలి అక్కడికక్కడే పోయింది. ఆమెతోపాటు పిల్లలూ పెద్దలూ వందలమంది ఆ వేడుక చూడటానికే వచ్చారు. రైలు రావడం కళ్ళకు నెమ్మదిగానే కనిపిస్తుంది, ఎదురుగా వచ్చేదాని వేగం కంటికి అందదు. పాతకాలం ఫోటోగ్రాఫర్లు దూరం నిలబడి, మలుపు దగ్గర తీసేవారని ఇందాక చెప్పానే, అది ఫోటో బాగా రావడానికే కాదు. మన చట్టం ప్రకారం పట్టాల మీదికి వెళ్ళడం నేరం కూడా. పిల్లల్ని తీసుకెళితే గేటు బయట, కంచె బయట నిలబడండి. అక్కణ్ణుంచి కూడా పొగ బాగానే కనిపిస్తుంది.

ఆవిరి బండిని ఇవాళ కూడా చూడాలనుకునేవాళ్ళకు నీలగిరి కొండబండి వుంది. ఊటీకి పోయేవాళ్ళంతా మేట్టుపాళయంలో ఎక్కి కూనూరు దాకా కిటికీ పక్కన చోటుకోసం పోట్లాడుకుంటారు. లోపల కూచుంటే ఇంజను కనిపించదు. పైగా అక్కడ ఇంజను వెనకనుంచి తోస్తుంది. ఒక్కరైనా కిందే వుండిపోయి, రోడ్డు మీద నిలబడి, కొండ వంపులో బండి మొత్తం ఒకేసారి ఎక్కుతుంటే చూడాలి.

ఇక ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. నిజామాబాదు, బోధన్, కామారెడ్డి వైపు చుట్టాలున్నవాళ్ళు పాత ఆల్బములు ఒక్కసారి తిరగేయండి. రైల్లో ఉద్యోగం చేసిన తాతగారి వీడ్కోలు ఫోటో, స్టేషనులో దిగిన పెళ్ళివారి ఫోటో, బాసర అక్షరాభ్యాసం ఫోటో. మనుషుల వెనక ఎక్కడో ఒక ఇంజను మూల కనబడవచ్చు. దాని మీద అక్షరాలు చూడండి. వై అన్న ఇంగ్లీషు అక్షరంతో మొదలైతే మీటరుగేజిది. వైపీ అంటే పాసింజరు బండిది, ముందు ఇరుపక్కలా చెవుల్లా రెండు రేకులు వుంటాయి. వైజీ అంటే గూడ్సుది. పక్కన నంబరు చదవగలిగితే అది ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో చెప్పగలిగేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. ఫోటోలో వున్న మనుషులెవరో, ఏ వూరో, ఏ పండక్కి వెళ్ళారో చెప్పగలిగేది మాత్రం ఇంట్లో వున్న అమ్మమ్మో, మేనత్తో. ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఫోటో వెనక రాసిపెట్టండి. మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్నుతో వద్దు. దాని నొక్కు ఫోటో ముందువైపుకు తేలి మొహాల మీద గీతలు పడతాయి.